శుక్రవారం మూడింటికి సినిమా చూపిన అక్క

అక్క ఇక లేదన్న కబురు నాకు మంగళవారం పొద్దున పదింటికి చేరింది. అప్పుడు నేను, పనికోసం వచ్చిన ఈ అరబ్బు దేశంలో, అమ్వాజ్‌లో ఒక అపార్టుమెంటు పైకప్పు మీద ఏసీ విప్పుతున్నాను. ఫోన్ చేసింది అక్కతో ఒకే గదిలో ఉండే ఆమె చిన్నమ్మ కూతురు. ముందురోజు సాయంత్రం షాపులో ఛాతీ మంటగా ఉందని అక్క కాసేపు కూర్చుందట. గ్యాస్ అయి ఉంటుందని వేడినీళ్లు తాగి మళ్లీ మిషన్ ముందు కూర్చుందట. తెల్లవారుజామున ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెళ్లిన గంటకే అయిపోయింది. ఇదంతా చెప్పి, ఏడుపు ఆపుకుంటూ ఆ అమ్మాయి ఒక్క మాట అడిగింది.

"మరి శుక్రవారం సినిమా?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ ప్రశ్న నాకెందుకంత బరువైందో మీకు చెప్పాలంటే ముందు అక్క గురించి చెప్పాలి. అక్క గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పక తప్పదు.

అక్క ఫిలిప్పీన్స్ మనిషి. యాభై దాటిన వయసు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కోల్డ్ స్టోర్ అని పిలిచే ఒక చిన్న కిరాణా కొట్టు పక్కన టైలర్ షాపులో పని. కొత్తవి కుట్టడం తక్కువ, పొట్టి చేయడం, వదులు చేయడం, జిప్పులు మార్చడం ఎక్కువ. ఆమె దేశం వాళ్లంతా తమ భాషలో అక్క అనే పిలిచేవారు. మేము తెలుగువాళ్లం మా మాటలో అక్క అన్నాం. మా దగ్గర నేర్చుకొని ఆమె నన్ను తమ్మీ అనేది. మిగతా మాటలన్నీ సగం హిందీ, సగం ఇంగ్లీషు. వాటిని ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

మొదటిసారి డ్యూటీ ప్యాంటుకు జిప్పు వేయించడానికి వెళ్లాను. అద్దం మీద ఒక కాగితం అంటించి ఉంది. శుక్రవారం మూడు గంటలకు ఫిలిప్పీన్ సినిమా, అందరూ రావచ్చు అని. నాకు నోరు ఊరుకోదు.

"మా సినిమాలు చూసేటందుకే మాకు పురసత్ లేదు. మీ సినిమాలెవడు చూస్తడు?"

ఆమె పెదవుల మధ్య పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. "మీ దేశం సినిమాలు నేను ఆరు చూశాను. నువ్వు మావి ఎన్ని చూశావు?"

"ఒక్కటి గూడ లే."

"అయితే నీ ప్యాంటు శుక్రవారం మూడింటికి తయారవుతుంది."

జిప్పు మార్చడానికి పావుగంట చాలు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తర్వాత అర్థమైంది, నాకే కాదు, ఆ వీధిలో అందరి బట్టలూ శుక్రవారం మూడింటికే తయారయ్యేవి. వచ్చినవాళ్లను షాపు వెనక గదిలో కూర్చోబెట్టి, గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద సినిమా వేసేది. అయిపోయాకే బట్టల సంచి చేతికిచ్చేది. నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ పెద్దన్న ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా గోడలు కడుతున్నవాడు. ఆయన మొదటి రెండు వారాలూ గొణిగాడు. "సినిమా అయిందాక బట్టలియ్యదాయె. గిది షాపా, జైలా?" మూడో వారం మంచి చొక్కా పట్టుకొని వచ్చాడు. గుండీ ఊడిందన్నాడు. ఆ గుండీ ఆయనే బ్లేడుతో కోసుకున్నాడని మేముండే లేబర్ క్యాంపులో అందరికీ తెలుసు.

సినిమా నడుస్తున్నంతసేపు అక్క తెరను చూసేది కాదు. తెర పక్కన చిన్న స్టూలు వేసుకొని మా వైపు తిరిగి కూర్చునేది. మా ముఖాలు చూసేది. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఫోన్ తీశారు, ఎక్కడ గొంతు సవరించుకున్నారు, అన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేది. ఆ రాతలు ఆ సినిమా తీసినవాళ్లకు పంపేది. వాళ్లు పెద్ద పేరున్నవాళ్లు కారు. వాళ్ల దేశంలో చిన్న చిన్న ఊళ్లలో, దొరికిన కెమెరాతో సినిమాలు తీసే పిల్లలు. ప్రతి సినిమాకూ ముందే వాళ్లకు ఉత్తరం రాసి అనుమతి అడిగేది. ఫోన్లో దొరుకుతుంది కదా, అడగడమెందుకని నేనంటే చెంప మీద కొట్టినట్టు చూసింది. "అడగకుండా చూపిస్తే దొంగ సామాన్ తమ్మీ. దొంగ సామాన్‌తో అతిథులను పిలవరు."

మీవాళ్లే ఇంతమంది ఉన్నారు, వాళ్లను పిలవకుండా మమ్మల్ని ఎందుకు పట్టుకుంటావని ఒకరోజు అడిగాను.

"మా సినిమా మావాళ్లు చూడటం ఇంట్లో అన్నం తినడం లాంటిది. నేను వడ్డించకపోయినా తింటారు. ఈ దేశంలో మీ అందరికీ మేమంటే ఒక నర్సు, ఒక ఆయా, సెలూన్‌లో ఒక పిల్ల. మా ఊళ్లో ముసలివాళ్లు ప్రేమలో పడతారని నీకు తెలుసా? కోడిపుంజు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారని తెలుసా?"

కోడిపుంజు సంగతి విని పక్కనున్న గోదావరి జిల్లాల వాళ్లు ఘొల్లుమన్నారు. ఆ నవ్వును కూడా ఆమె నోటుబుక్కులో రాసుకుంది.

కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మావాళ్లకు అందేవి కావు. అక్క అప్పుడప్పుడు హిందీలో చెప్పేది కానీ ఆమె హిందీ మావాళ్లకు సగమే అందేది. ఒక శుక్రవారం నేను కోపంగా లేచి, "సరిగ్గ చెప్పు, లేకుంటె చెప్పకు" అన్నాను. "నువ్వే చెప్పు" అంది. ఆ రోజు నుంచి తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాదైంది. బుధవారం సాయంత్రం డ్యూటీ బస్సు దిగి నేరుగా షాపుకు వెళ్లేవాణ్ణి. ఇద్దరం సినిమా ముందే చూసేవాళ్లం. ఆమె ప్రతి మాటా విడమరచి చెబితే నేను తెలుగులో రాసుకునేవాణ్ణి.

చదువు ఇంటర్‌తో ఆగినవాణ్ణి నేను. తర్వాత చదివినదంతా మా ఊరి బస్టాండులో, సభల దగ్గర పంచిన కరపత్రాలూ పదహారు పేజీల పుస్తకాలూ. ఇప్పటికీ నా పెట్టెలో అవే ఉన్నాయి, వాటిలో రాసినదాన్ని ఇప్పటికీ నమ్ముతాను. కష్టం చేసేవాడు తల ఎత్తాలి అని నమ్ముతాను. అందుకే బుధవారాల్లో అక్కతో గొడవ పెట్టుకునేవాణ్ణి.

"ఈ సినిమాల ఏమున్నది అక్కా? ఒక్కడన్న తిరగబడడు."

"నువ్వు స్నానం చేసేటప్పుడు కూడా తిరగబడతావా తమ్మీ?"

"మజాక్ చెయ్యకు."

"నీ కోపం మంచిది. కానీ అది నీది. వేరేవాళ్ల సినిమాలో పెట్టకు."

ఇంత స్పష్టంగా చెప్పింది. అయినా పెట్టాను.

ఆ సినిమా ఒక పనిమనిషి గురించి. పరాయి దేశంలో ఒక ఇంట్లో పని చేస్తుంది. పాస్‌పోర్టు యజమానురాలి దగ్గర, ఫోను కూడా ఆమె దగ్గరే. చివర్లో ఒకరోజు చేయని తప్పుకు తిట్లు తింటుంది. తర్వాత నాలుగు నిమిషాలు ఒక్క మాట లేదు. ఆమె ఆ ఇంటి పిల్లల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఒక్కసారి తలుపు వైపు చూస్తుంది. మళ్లీ నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తుంది. అక్కడితో సినిమా అయిపోతుంది.

బుధవారం అది చూసి నాకు ఒళ్లు మండింది. శుక్రవారం ఆ నాలుగు నిమిషాలు రాగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. తెర మీద ఒక్క మాట లేదు. కెమెరా ఆమె వీపు వెనక ఉంది, పెదవులు కనబడవు. నేను ఆమె గొంతు నాదిగా చేసుకొని చెప్పాను. "బస్. ఇగ చాలు. మీ ఇస్త్రీ పెట్టె మీరే ఉంచుకోండ్రి. ఖలాస్. నేను పోతున్న." తెర మీద బొమ్మ ఆగిపోయాక, "తెల్లారి ఆమె ఆ ఇంట్ల లేదు" అని ముగించాను. తెలుగువాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. పక్కన కూర్చున్న వేరే దేశాలవాళ్లు మావైపు వింతగా చూశారు.

అక్కకు తెలుగు రాదు. సినిమా అయ్యాక నోటుబుక్కు పట్టుకొని వచ్చింది. "ఇస్త్రీ దగ్గర మీవాళ్లు చప్పట్లు ఎందుకు కొట్టారు?"

"నటన నచ్చింది అక్కా."

ఆమె ముఖం వెలిగిపోయింది. మాటలేని చోట చప్పట్లు కొట్టారంటే ఆ పిల్ల ఎంత బాగా తీసిందో అంటూ, ఆ రాత్రే ఆ సినిమా తీసిన అమ్మాయికి ఉత్తరం రాసింది. నేను అబద్ధం చెప్పి ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

పన్నెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. వెంటనే రా అంది. ఫోర్‌మన్‌ను బతిమాలి అమ్వాజ్ నుంచి వెళ్లాను. షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల వేలాడే బట్టల మధ్య ఒకావిడ కూర్చొని ఉంది. కోనసీమ నుంచి ఇంటిపనికి వచ్చిన మనిషి. ఆ శుక్రవారం మేడమ్ బట్టలు తీసుకెళ్లడానికి వచ్చి, అక్క పద్ధతి ప్రకారం సినిమా అయ్యేదాకా కూర్చున్నవాళ్లలో ఆమె ఒకరు. తెలుగు తప్ప వేరే భాష రాదు. అందుకే అక్క నన్ను పిలిచింది.

"ఏమైందమ్మా?"

"వచ్చేశానండి."

"పాస్‌పోర్టు?"

"మేడమ్ దగ్గరే ఉందండి. ఫోనూ ఆవిడ దగ్గరే."

"బట్టలు గూడ తెచ్చుకోలే?"

"ఏం తెచ్చుకోలేదండి. ఆ సినిమాలో ఆవిడా ఏం తీసుకెళ్ళలేదు కదండీ. ఇస్త్రీ పెట్టె అక్కడ పెట్టేసి ఖలాస్ అనేసింది. నేనూ అలాగే పెట్టేసొచ్చేశానండి."

"ఏమంటోంది?" అంది అక్క.

నేను వేలాడుతున్న బట్టల వైపు తిరిగాను.

"తమ్మీ, ఏమంటోంది?"

చెప్పాను. అంతా చెప్పాను. అక్క మెడలో వేసుకున్న టేపు తీసి చేతికి చుట్టుకుంది. "ఆ రోజు చప్పట్లు దీనికా?" అంది. అవునన్నాను. "అయితే ఇప్పుడు నిజం ఆమెకు చెప్పు. నా ముందు చెప్పు. మాటలు నాకు అర్థం కాకపోయినా ఆమె ముఖం నాకు అర్థమవుతుంది."

"అమ్మా, సినిమాల ఆమె పోలే. గా మాటలు నేను కలిపి చెప్పిన."

"వెళ్ళలేదాండీ?"

"లేదు."

"అక్కడే ఉండిపోయిందా?"

"ఇస్త్రీ చేసుకుంట ఉండిపోయింది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది. "మరా మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ! నేను ఎప్పటికైనా బయటికొచ్చేసేదాన్నేనండి. ఆ ఇంట్లో ఉండలేను. కానీ అదంత తేలిక కాదని తెలిస్తే ముందు కాగితాలు చూసుకుందును. ఎవర్నో ఒకర్ని అడుగుదును. ఆవిడకి భయం లేదనుకుని నేనూ భయపడకుండా వచ్చేశాను. మీకేమండీ, చెప్పేశారు. ఇప్పుడు నేనెక్కడికెళ్ళాలి?"

నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు.

సాయంత్రంలోగా ఇంటివాళ్లు పారిపోయిందని ఫిర్యాదు చేస్తే ఆమె ఎక్కడ కనిపించినా పట్టుకుంటారు. అక్క షట్టరు పూర్తిగా దించి, తన దుప్పటా ఆమె తలకు కప్పి, ట్యాక్సీ పిలిచి మన ఎంబసీకి తీసుకెళ్లింది. గేటు దగ్గర గంటన్నర నిలబడ్డారు. ఎవరూ దిక్కులేని ఆడవాళ్లను ఉంచే చోట ఆమెను ఉంచారు. కాగితాలు తేలి ఆమె ఇంటికి వెళ్లేసరికి ఏడు వారాలు పట్టింది. అన్ని వారాలూ అక్క ఆమెను చూడటానికి వెళ్లేది. భాష కలవని ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఈ గొడవంతా షాపుకూ అక్క వీసాకూ యజమాని అయిన కఫీల్ చెవిన పడింది. వెనక గదికి తాళం పడింది. సినిమాలు ఆగిపోయాయి.

అక్క నన్ను తిట్టలేదు. పది రోజులు మాట్లాడలేదు, అంతే. తర్వాత ఫోన్ చేసి, "చినిగిన ప్యాంటు ఏదైనా ఉందా?" అని అడిగింది. చినగని ప్యాంటే పట్టుకొని పరుగెత్తాను. సినిమా తీసిన అమ్మాయికి మళ్లీ ఉత్తరం రాశానని చెప్పింది. "ఆ చప్పట్లు నీ సినిమాకు కాదు, మా తమ్మీ చెప్పిన అబద్ధానికి అని రాశాను." నాకు తల కొట్టేసినట్టైంది. ఏం జవాబొచ్చిందని అడిగాను. ఆ అమ్మాయి ఒకే ప్రశ్న అడిగిందట, ఆ మనిషి క్షేమమేనా అని. ఎంబసీ నీడలో క్షేమంగా ఉందని రాస్తే, అయితే సినిమా మళ్లీ చూపించండి అని రాసిందట.

అప్పుడు కూడా నేను ఊరుకోలేదు. "నేను చెప్పిందే న్యాయం అక్కా. ఆమె పోవాలె. ఆ ఇంట్ల ఎందుకుండాలె?"

"వెళ్లాలి. నేనూ అదే కోరుకుంటాను. కానీ ఆమె వెళ్లలేకపోయింది. భయపడేదాన్ని నువ్వు ధైర్యవంతురాలిని చేశావు. అప్పుడు నిజంగా భయపడేవాళ్లకు తోడెవరు?"

హూరాలో వాళ్ల దేశం హోటల్ ఒకటుంది. పై అంతస్తులో పుట్టినరోజులు చేసుకునే హాలు ఉంది. దానికోసం అక్క నెలలపాటు తిరిగింది. చివరికి ఒక శుక్రవారం దొరికింది. అదే సినిమా. తెలుగు చెప్పేది నేనే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మళ్లీ బుధవారం రమ్మంది. ఆ బుధవారం రాకముందే, మంగళవారం తెల్లవారుజామున వెళ్లిపోయింది.

ఆ మూడు రోజులూ నా టిఫిన్ డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. దుఃఖం వల్లేనని క్యాంపులో అనుకున్నారు. దుఃఖం ఉంది. దాన్ని మించి భయం ఉంది. నా నోటి మీద నాకు నమ్మకం లేదు. అక్క ముందు కూర్చొని ఉన్నప్పుడే ఆగని నోరు, ఆమె లేనప్పుడు ఆగుతుందా? ఈసారి తప్పు చెబితే పట్టుకునేవాళ్లు కూడా ఎవరూ లేరు. చెప్పడం మానేస్తానని మేస్త్రీ పెద్దన్నతో అన్నాను.

"నువ్వు జెప్పకుంటె ఎవడు జెప్తడురా? గా ఇంగ్లీషు అచ్చరాలు నాకు గొర్ల మంద ఉరికినట్టు గొడ్తయి. ఆమె మీద పానముంటె వచ్చి జెప్పు. లేకుంటె గా తెర ముందలనే నిలబడి నాతోని గాదని అందరికి జెప్పు."

గురువారం కోనసీమ నుంచి గొంతు మెసేజీ వచ్చింది. ఆవిడే. "అక్కగారు పోయారంటగా అండీ. పొద్దున్నించీ వంట చేయలేకపోయాను. రేపు మళ్ళీ ఆ సినిమా చెప్తున్నారంట కదా. ఈసారి ఆవిణ్ణి పంపించెయ్యకండేం. అక్కడే ఉండనివ్వండి." అది నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అక్కను శనివారం విమానంలో పంపాలి. కాగితాల కోసం ఆ చిన్నమ్మ కూతురు తిరుగుతూనే, సినిమా ఆపేది లేదంది. శుక్రవారం మూడింటికి హాలు నిండిపోయింది. ఎప్పుడూ రాని వాళ్ల దేశస్థులు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ముందు వరుసలో ఇళ్లల్లో పని చేసే ఆడవాళ్లు, మనవాళ్లూ వాళ్లవాళ్లూ కలిసి కూర్చున్నారు. నేను రాసుకున్న కాగితాలు పట్టుకొని తెర పక్కన నిలబడ్డాను. సినిమా మొదలైంది. చెబుతూ పోయాను. నవ్వే చోట నవ్వారు. యజమానురాలి తిట్లు నేను చెబుతుంటే ఎవరో నాలుకతో చప్పుడు చేశారు.

తర్వాత ఇస్త్రీ వచ్చింది.

ఒక నిమిషం గడిచింది. తెలుగువాళ్లు ఒక్కొక్కరే తెర మీంచి నా వైపు తిరిగారు. "ఏమంటుందిరా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. పాత మాటలన్నీ గొంతులోకి వచ్చి నిలబడ్డాయి. ఆమె తలుపు వైపు చూసింది. "పోతదా?" అంది ముందు వరుసలో ఒకావిడ, దాదాపు బతిమాలుతున్నట్టు. పోతదమ్మా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. ఇప్పటికీ కొట్టుకుంటోంది.

"ఏం అంటలే" అన్నాను. "చూడుండ్రి."

వాళ్లు నన్ను వదిలి మళ్లీ తెర వైపు తిరిగారు. ఆమె నీళ్లు చల్లింది. చిన్న చొక్కా చేతులు సాపు చేసింది. పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. అప్పుడు చూశాను, అడిగిన ఆవిడ కుడిచేయి ఒళ్లో ఉన్న చున్నీ మీద మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. పక్కనావిడ చేయి తన మోకాలి మీద కదులుతోంది. ఆ పక్కన ఇంకొకరిది. తెలుగు వచ్చినవాళ్లవీ, రానివాళ్లవీ. ఎవరి చేయి వాళ్లకు తెలియడం లేదు. తెర మీద చివరి చొక్కా కొక్కేనికి తగిలించి ఆమె ఆగిపోయింది. బొమ్మ నల్లబడింది. లైట్లు వేయాల్సినవాళ్లు ఏడుస్తున్నట్టున్నారు, ఎవరూ లేవలేదు. ఆ మసక చీకట్లో, ముందు వరుసలో, ముడతలు లేని గుడ్డల మీద ఆ చేతులు ఇంకా కాసేపు కదులుతూనే ఉన్నాయి.